పైన ఏమీ లేదు

బ్యాటరీ సైకిళ్ళు పై ఊరి దాకా రావు. చిన్న చర్చి మలుపు దగ్గరికొచ్చేసరికే వాటి పని అయిపోతుంది. ఆరేళ్ళుగా పెరీనా నమ్ముకున్న సత్యం ఇది. చెప్పినవాడు ఫ్రానె. ఫ్రానె చెప్పాక ఇంకొకరిని అడగాల్సిన ఖర్మ ఆమెకేం?

రేవులో సైకిళ్ళు అద్దెకిచ్చేది ఫ్రానె. స్ప్లిట్ నుంచి పడవ దిగిన యాత్రికులు నేరుగా అతని కొట్టుకే వెళ్తారు. సైకిలూ, హెల్మెట్టూ, దారి చూపే పటమూ తీసుకుని, పగలంతా ద్రాక్షతోటల మధ్య తిరుగుతారు. వైన్ చేసే ఇల్లు కనిపించిన చోటల్లా ఆగి, తాగి, నచ్చితే కొనుక్కుని సాయంత్రానికి రేవు చేరతారు. పెరీనా పెళ్ళిలో ఆమె మొగుడు యాకొవ్ పక్కన సాక్షిగా నిలబడ్డది ఈ ఫ్రానెయే. అలా నిలబడ్డవాణ్ణి ఆ దీవిలో కూమ్ అంటారు. అతనికి పెళ్ళికూతురు కూమా అవుతుంది. తోడబుట్టినవాడితో గట్టు కోసం కొట్లాడుకున్నా ఎవరూ తప్పు పట్టరు గానీ, కూమ్ మాటను సరిచూసుకోవడమంటే అతని మొహాన ఉమ్మినట్టే.

యాకొవ్ పోయిన మరుసటి వేసవిలోనే ఈ సైకిళ్ళు దిగాయి. పెరీనాకి పిల్లలు లేరు. ఉన్నదల్లా కొండ మీద పై ఊళ్ళో పదహారు వరసల ద్రాక్షతోట, ఇంటి కింద గదిలో వైన్ పీపాలు. ఇక నాకూ మంచిరోజులొచ్చాయి అనుకుని, ముంగిట్లో చెట్టు కింద బల్ల వేసింది. గ్లాసులు తళతళలాడేట్టు తుడిచింది. ఉప్పుచేప, ఉల్లిపాయ పెట్టి రొట్టె కాల్చింది. ఒక్క పురుగు రాలేదు. వ్యాన్ వేసుకుని ఫ్రానె ఒక్కడే వచ్చాడు. ఆ బల్ల ముందే కూర్చుని రొట్టె అంతా తిని, నిట్టూర్చాడు.

"ఏం చేద్దాం కూమా, కొండ నిట్టనిలువుగా ఉంది. బ్యాటరీ అక్కడికే చచ్చిపోతోంది. పాపం, వెనక్కి తిరిగిపోతున్నారు."

జాలిపడి రెండు సీసాలు చంకన పెట్టుకుని మరీ పోయాడు మహానుభావుడు.

రెండో వేసవీ అంతే, మూడోదీ అంతే. రహదారి పై ఊరితో ఆగిపోతుంది, అక్కడ పొయ్యి వెలిగే ఇళ్ళు నాలుగే. దారిన పోయేవాళ్ళంటూ ఎవరూ లేరు. పీపాల్లో అమ్ముడుపోని పాత వైన్ వెనిగర్ అయింది. నిరుటి చలికాలం పెరీనా గుండె రాయి చేసుకుని సగం తోట పీకించేసింది. ఎనిమిది వరసలు, యాకొవ్ తండ్రి పెట్టిన మొక్కలు. ఫ్రానె తన గునపం తనే తెచ్చుకుని మూడు రోజులు చెమటోడ్చాడు. ఆ మోళ్ళే మంటేసి, దాని మీదే చేపలు కాల్చుకుని ఇద్దరూ తిన్నారు. కూమ్ అంటే ఇలా ఉండాలి అని పెరీనా ఊరంతా చెప్పుకుంది.

మిగిలిన ఎనిమిది వరసలూ, కింద గదీ ఫ్రానె కొడుకు రోకోకి ఇరవై ఏళ్ళ కౌలుకి రాసిచ్చేట్టు మాటైంది. చర్చిలో రోకోకి పేరు పెట్టినప్పుడు వాణ్ణి చేతుల్లో పట్టుకున్నది పెరీనాయే. రేవు దగ్గర వాడిదీ ఒక వైన్ కొట్టుంది. కనీసం తోట బతుకుతుందిలే అనుకుందామె. శుక్రవారం పదింటికి నోటరీ దగ్గర సంతకం.

బుధవారం మధ్యాహ్నం ఆమె ముంగిట్లోకి ఒక సైకిల్ వచ్చి ఆగింది.

దిగినామె యాభై దాటిన స్లొవేనియా మనిషి, పేరు ఆలెంక. మనిషి భారీ, మోకాళ్ళకి పట్టీలు, మొహం టమాటాలా ఎర్రగా ఉంది. ఆ భాషా ఈ భాషా చుట్టాలే కాబట్టి మాటలకి ఇబ్బంది లేదు. మంచినీళ్ళు అడిగింది. పెరీనా వైన్‌లో నీళ్ళు కలిపి ఇచ్చింది, ఆ దీవిలో దాహానికి ఇచ్చేది అదే. ఆలెంక ఒక గుక్క తాగి, గ్లాసును వెలుతురుకి పెట్టి చూసి, ఈసారి నీళ్ళు కలపకుండా పొయ్యమంది. రెండోది తాగాక, పొద్దుట్నించీ నాలుగు చోట్ల తాగానని, ఇలాంటిది ఎక్కడా లేదని, ఇక్కడ వైన్ ఉందని ఎవరూ చెప్పలేదేమని అడిగింది.

పెరీనాకి ఆ పొగడ్త చెవికెక్కలేదు. ఆమె చూపంతా సైకిల్ మీదే ఉంది.

"తోసుకుంటూ వచ్చావా అమ్మా, ఇంత ఎత్తు?"

"ఈ మోకాళ్ళతోనా? మీరు భలేవారే. నేను ఊరికే కాళ్ళు ఆడించాను, అదే లాక్కొచ్చింది."

"మరి బ్యాటరీ?"

ఆలెంక చూపించింది. నిండుగా ఉంటే ఐదు గీతలట. కింది ఊళ్ళు రెండూ చుట్టి, కొండెక్కి వచ్చాక కూడా మూడు గీతలు మిగిలి ఉన్నాయి.

పెరీనా నమ్మలేదు. నమ్మడం ఇష్టం లేదు. ఇదేదో కొత్త రకం బండి అయ్యుంటుందనుకుంది. కాదట, అరిగిపోయిన పాతదే ఇచ్చాడని ఆలెంక సణిగింది. చర్చి మలుపు దాకా దిగి మళ్ళీ ఎక్కిరా తల్లీ, నీకు పుణ్యముంటుంది అని పెరీనా బతిమాలింది. రెండు గ్లాసుల హుషారులో ఉన్న ఆలెంక నవ్వుకుంటూ దిగింది. పావుగంటలో పాట పాడుకుంటూ మళ్ళీ పైకొచ్చింది. మూడు గీతలూ మూడుగానే ఉన్నాయి.

అప్పుడడిగింది పెరీనా, అసలు ఈ దారిన ఎందుకొచ్చావని. కళ్ళజోడు గదిలో మర్చిపోయానని, పటం సరిగ్గా కనపడక రోడ్డెటుపోతే అటు వచ్చానని చెప్పింది ఆలెంక. సైకిల్ సంచిలోంచి ఆ పటం తీసి ఇచ్చింది. పెరీనా తన కళ్ళజోడు పెట్టుకుంది.

కింది ఊళ్ళలో వైన్ ఇళ్ళన్నిటికీ ద్రాక్షగుత్తి బొమ్మలున్నాయి. రోకో కొట్టుకి అన్నిటికంటే పెద్ద గుత్తి. చర్చి మలుపు దగ్గర దారికి అడ్డంగా ఎర్రటి గీత. దాని పక్కన నాలుగు భాషల్లో ఒకే మాట: పైన ఏమీ లేదు.

అచ్చు వేయించినా ఆ చేతిరాత ఫ్రానెదే. పెళ్ళిపత్రం మీద సాక్షి సంతకం చేసిన చెయ్యి, నలభై ఏళ్ళుగా ఆమెకి తెలిసిన చెయ్యి.

తడిగుడ్డతో గొంతు కోయడం అంటారే, అదీ ఇది. కోసినవాడు కోస్తూనే ఉన్నాడు, ఈమె మెడ చాచి, నొప్పి తెలియనివ్వడం లేదు నాయనా అని దీవిస్తూనే ఉంది. ఆలెంక నాలుగు సీసాలు కొనుక్కుని వెళ్ళిపోయింది. పెరీనా పీకేసిన వరసల దగ్గరికి పోయి, ఆ బోడి నేల మీద పొద్దుగూకేదాకా కూర్చుంది. ఏడుపు మాత్రం రాలేదు.

శుక్రవారం పొద్దున బస్సులో రేవుకి దిగింది. ఫ్రానె ఇస్త్రీ చొక్కా వేసుకుని నోటరీ గుమ్మం ముందు బెంచీ మీద ఉన్నాడు. లేచి, బుగ్గ మీద ముద్దు పెట్టుకోబోయాడు. పెరీనా ఒకడుగు వెనక్కి వేసి, పటం అతని చేతిలో పెట్టింది.

ఫ్రానె మొదట, ఇది పాత పటం అన్నాడు. ఆ ఏడాది వానలకి రోడ్డు కొట్టుకుపోయింది గుర్తులేదా అన్నాడు. పెరీనా అరవలేదు.

"అయితే ఒక పని చేద్దాం కూమ్. నీ కొట్టులోంచి రెండు సైకిళ్ళు తియ్యి, ఇద్దరం ఎక్కుదాం. మా ఇంటికి చేరకముందే ఏ ఒక్క దాని బ్యాటరీ అయిపోయినా అక్కడే సంతకం పెడతా."

ఫ్రానె రేవు వైపు చూశాడు. తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"ఎందుకులే కూమా," అన్నాడు చివరికి. "అప్పట్లో రోకో కొత్తగా కొట్టు తెరిచాడు. పడవ దిగేవాళ్ళు ఎంతమంది, పదిమంది. నీ చేతి వైన్ తాగినవాడు మళ్ళీ మావాడిది ముట్టుకుంటాడా? అది నీకూ తెలుసు, నాకూ తెలుసు."

ఆరేళ్ళలో తన వైన్ గురించి అతని నోట మంచిమాట వినడం అదే మొదలు. అదీ ఇప్పుడు, ఇలా.

"ఆ ఎనిమిది వరసలూ పీకేటప్పుడు కూడా తెలుసన్నమాట నీకు."

"పీకింది నువ్వు కూమా. నేను సాయం పట్టానంతే."

ఆ మాటకి పెరీనాకి ఆ మూడు రోజులూ కళ్ళ ముందు మెదిలాయి. మొక్కమొక్కకీ ముందు తను దణ్ణం పెట్టుకుని, తర్వాత గునపం వెయ్యమని అతనికి సైగ చేయడం గుర్తొచ్చింది. ప్రతిసారీ అతను టోపీ తీసి, ఆమె దణ్ణం అయ్యేదాకా ఆగి, అప్పుడు వేశాడు. లోపల్నించి నోటరీ గుమాస్తా వచ్చి పేరు పిలిచింది.

"సంతకం పెట్టడం లేదమ్మా," అంది పెరీనా. "సగమే మిగిలింది. దాన్ని నేనే చూసుకుంటా."

బజారుకి అవతల ఫ్రానె ఇంటి గుమ్మంలో మారె నిలబడి ఉంది. ఫ్రానె పెళ్ళామే గానీ, అతనికంటే ముందు మారె పెరీనా మనిషి. బళ్ళో ఒకే బెంచీ. యాకొవ్ పోయాక నెల్లాళ్ళు కొండ మీదే ఉండి, ఆమె పక్కలో పడుకుని, చెంచాతో గంజి తాగించిన మనిషి. సంతకాల తర్వాత భోజనాలు వాళ్ళింట్లోనే అనుకున్నారు.

"ఏమే, అయిందా? చేప చల్లారిపోతోంది, రండి!" అని కేకేసింది మారె.

పెరీనాకి ఒక్కసారిగా ఏడుపు తన్నుకొచ్చింది. మగాడి బుద్ధి మగాడిది, దీనికేం తెలుస్తుంది, చెప్పుంటాడా వాడు? వెళ్ళి దాని భుజం మీద తల పెట్టి ఏడిస్తే చాలు, ఈ మంట కాస్త చల్లారుతుంది. గబగబా బజారు దాటింది. మారె ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది. ఆమె చూపు పెరీనా మొహం మీద నుంచి, వెనకాల బెంచీ మీద తల దించుకున్న ఫ్రానె మీదికి పోయింది, అతని చేతిలోని కాయితం మీదికి పోయింది.

"నీకు తెలుసా మారె?" అని అడిగింది పెరీనా.

ఏం తెలుసా అని మారె అడగలేదు.