కుర్చీ జరుపు

“కుర్చీ జరుపు” అన్నారు మావారు, తువ్వాలు భుజాన వేసుకుని.

మిషను ఆపి, లేచి, కుర్చీతో సహా గోడకి అంటుకున్నాను. ఆయన బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకున్నాక మళ్ళీ కూర్చున్నాను. ఈ ఫ్లాటు కొన్నప్పటి నుంచీ నా కుట్టుమిషను బాత్రూం ముందున్న ఈ ఇరుకు నడవాలోనే. ఇంట్లో ఎవరికి అవసరమొచ్చినా నేను లేవాల్సిందే. లేచి కూర్చునేసరికి కుట్టు వంకర పోతుంది, విప్పి మళ్ళీ వేయాలి. కొనేముందు చూడ్డానికి వచ్చిన రోజున, మిషను ఎక్కడ పెట్టుకోను అనే మాట నా గొంతు దాకా వచ్చింది. అప్పటికే అత్తగారు తన మంచానికీ, మావారు సోఫాకీ చోట్లు చూసుకుంటున్నారు. “నీదేముంది, ఏ మూలైనా సర్దుకుంటావు” అన్నారాయన. సర్దుకున్నాను. నడవాలో కిటికీ లేదు. సూదిలో దారం ఎక్కదు. కళ్ళజోడు మార్చాను, మళ్ళీ మార్చాను. “కళ్ళు పోతున్నాయి, ఇంకెందుకే నీకా కుట్టుపని?” అంటారు.

ఇవాళ కూతురూ అల్లుడూ కొనబోయే ఫ్లాటుకి నన్నూ తీసుకెళ్ళారు. వాళ్ళకిదే మొదటి ఇల్లు. నాకు భయం పుట్టుకతో వచ్చింది. తెల్లటి గోడ చూసినా దాని వెనక చెమ్మే కనిపిస్తుంది. అందుకే ఏజెంటు తలుపు తీసిందే తడవు మొదలుపెట్టాను. పైవాళ్ళ బాత్రూం మన ఏ గది మీదుంది? కుళాయిలన్నీ ఒక్కసారే తిప్పితే నీళ్ళొస్తాయా? లిఫ్టు మధ్యలో ఆగితే లోపలున్నవాళ్ళ గతేంటి? ఇల్లంతా పాతరంగే ఉంటే ఈ అల్మారా వెనక ఒక్కచోటే కొత్తరంగెందుకు వేశారు?

చివరిదానికి ఏజెంటు దగ్గాడు. “అమ్మగారు ఇల్లు చూడ్డానికొచ్చారా, కేసు పెట్టడానికొచ్చారా?”

“అత్తయ్యగారూ, భూకంపం సంగతి మర్చిపోయారు” అన్నాడు అల్లుడు.

“మర్చిపోలేదు బాబూ. కిందికి దిగాక అడుగుదామని ఆగాను. పైనుండగా ఆ మాటెందుకు?”

అందరూ నవ్వారు. నవ్వుతూనే చిన్న గదిలోకి వెళ్ళాం. కిటికీ తెరిచే ఉంది, నేలంతా వెలుతురు పరుచుకుంది. అల్లుడు చేతులు బారజాపి కొలిచాడు. “ఇక్కడ నా వ్యాయామం సామాను. అటుపక్క, ఎవరైనా వస్తే పడుకోవడానికి మంచం.”

నా కూతురు ఇంట్లోంచే కంప్యూటర్లో పిల్లలకి లెక్కలు చెబుతుంది.

“మరి నువ్వు పాఠాలెక్కడ చెప్తావే?”

“భోజనాల బల్ల ఉందిగా. సర్దుకుంటాలే అమ్మా.”

పైకప్పు కూలుతుందని భయపడ్డాను, కరెంటు తీగలు అంటుకుంటాయని భయపడ్డాను. నా మాట ఒకరోజు దీని నోట వినాల్సొస్తుందని మాత్రం ఏనాడూ భయపడలేదు.

“బాబూ, అమ్మాయి బల్ల ఇక్కడ వేస్తే?”

అల్లుడు ఏజెంటు వంక చూశాడు. “అమ్మా, నువ్వూరుకో” అంది కూతురు. అచ్చం వాళ్ళ నాన్న గొంతు.

అల్లుణ్ణి ఆఫీసు దగ్గర దింపాక కారులో నన్ను ఏకిపారేసింది. “పరాయివాడి ముందు అలా అడిగేస్తావా? మా ఆయనేమనుకుంటాడు? సాయంత్రం అడ్వాన్సు ఇచ్చేస్తున్నాం, ఇంక ఆ ఊసెత్తకు.”

నేను ఎత్తలేదు. ఇల్లు చేరి, సగంలో వదిలిన పనికి కూర్చోబోయాను. వెనకే వచ్చిన కూతురు బాత్రూం వైపు నడుస్తూ, అలవాటుగా అంది: “అమ్మా, కొంచెం కుర్చీ జరుపు.”

జరిపాను. అది బయటికొచ్చేదాకా గోడకానుకునే నిలబడ్డాను. తర్వాత మాత్రం కూర్చోబుద్ధి కాలేదు.

“మిషను ఆ కొస పట్టుకో.”

“ఎక్కడికీ?”

“హాల్లోకి. కిటికీ కిందికి.”

అక్కడున్న సోఫాని పక్కకి తోస్తుంటే మావారు పేపరు దించారు. “ఏమిటీ గోల? ఎవరైనా వస్తే ఎక్కడ కూర్చుంటారు?”

“సర్దుకుంటారు లెండి” అన్నాను.

ఆయన నోరు తెరిచి, కూతురి మొహం చూసి, మళ్ళీ పేపరెత్తుకున్నారు. ఇన్నేళ్ళూ కొండంత అనుకున్న మాట ఇంత తేలికా! ఆనాడే అని ఉంటే?

మిషను ముందు కూర్చున్నాను. వచ్చినప్పుడల్లా నాకు దారం ఎక్కించిపెట్టేది నా కూతురే. “ఇటివ్వు, నేనెక్కిస్తా” అని చెయ్యి చాపింది. అప్పటికే ఎక్కింది. మొదటిసారికే, కళ్ళజోడు లేకుండానే.

దారం కొస లాగి దానికి చూపించాను. “ఇన్నేళ్ళూ నా కళ్ళదే తప్పనుకున్నానే” అన్నాను.

అది సూది వంక చూసింది. ఖాళీ అయిన నడవా వంక చూసింది. ఆ ఫ్లాటంతా తిరిగొచ్చి ఒక్క ప్రశ్నా అడగని నా కూతురు, మెల్లగా అడిగింది:

“అమ్మా, ఆ చిన్న గది కిటికీ ఏ వైపుకుంది?”