బెంచీలో మొదటి కుర్చీ

వరుసగా తొమ్మిది ఆటలు ఓడిపోయాక, కాలేజీ క్రీడల డైరెక్టర్ కోచ్ హస్టెడ్‌ని పిలిచి, పదోది కూడా పోతే పెట్టె సర్దుకోమన్నాడు. యాభై రెండేళ్ల హస్టెడ్‌కి ఇది ఐదో ఉద్యోగం. ఆరోది ఇచ్చే నాథుడు ఇండియానాలోనే కాదు, ఇంకెక్కడా లేడని అతనికి తెలుసు. సరేనని బయటికొచ్చాడు.

ఆ సాయంత్రం జిమ్‌లో వెర్నా అతన్ని ఆపింది. నలభై ఏళ్లుగా బాస్కెట్‌బాల్ జట్టు బట్టలు ఉతుకుతున్న ముసలావిడ.

"ఒక మాట చెప్తా, కోప్పడకు నాయనా. నువ్వు కూర్చుంటున్న మొదటి కుర్చీ నీది కాదు."

"కోచ్ కుర్చీ కోచ్‌ది కాక ఇంకెవరిది?"

"ప్రూట్ గారిది. కోచ్‌గా ఉండగా, ఆట మధ్యలో అందులోనే పోయారాయన. పోయినవాళ్ల కుర్చీలో తువ్వాలు మడతపెట్టి ఉంచుతాం ఇక్కడ. ఎవరూ కూర్చోరు. నువ్వేమో వచ్చిన రోజే దాంతో మొహం తుడుచుకున్నావు."

హస్టెడ్‌కి నవ్వొచ్చింది గానీ కాదనే ధైర్యం రాలేదు. మర్నాడు పదో ఆటకి ఆ కుర్చీలో తువ్వాలు పెట్టించి, తను రెండో దాంట్లో కూర్చున్నాడు.

ఆరు పాయింట్ల తేడాతో గెలిచారు. తర్వాతిదీ, ఆ తర్వాతిదీ గెలిచారు. అంతా బాగానే ఉంది, ఒక్కటి తప్ప. టైమౌట్‌లో అతను పలక మీద ఆడాల్సిన ఎత్తు గీస్తుంటే, కుర్రాళ్లు అతని భుజం మీదుగా మొదటి కుర్చీ వైపు చూస్తూ తలలూపేవారు. తర్వాత కోర్టులోకి వెళ్లి, అతను గీయని ఎత్తు వేసి గెలిచేవారు.

ఏడో గెలుపయ్యాక కెప్టెన్ కోబర్న్‌ని నిలదీశాడు.

"నేను గీసిందొకటి, మీరు ఆడిందొకటి. ఎవడు చెప్పాడ్రా మీకు?"

"మీరే కదా కోచ్!" కుర్రాడు తడబడ్డాడు. "గొంతే కొంచెం ముసలిగా ఉంది. జలుబు చేసిందనుకున్నాం."

హస్టెడ్ అతన్ని పంపేశాడు. అందరూ వెళ్లాక మొదటి కుర్చీలోని తువ్వాలు ముట్టుకున్నాడు. చెమటతో తడిసి, వెచ్చగా ఉంది. అయినా ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఆ గెలుపులు తనవి కావని తేలిపోతుంది. సిగ్గుమాలిన పనేనని తనకూ తెలుసు.

మార్చిలో సీజన్ ఆఖరి ఆట. మధ్యాహ్నమే డైరెక్టర్ మూడేళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టించాడు. ఆ కాగితం కోటు జేబులో పెట్టుకుని హస్టెడ్ బెంచీ దగ్గరికి వచ్చాడు. మొదటి కుర్చీలో తువ్వాలు లేదు. రెండో దాంట్లో ఉంది, అంచులు కలిపి చక్కగా మడతపెట్టి.

"వెర్నా! ఏమిటిది? ఇది నా కుర్చీ!"

వెర్నా తలెత్తలేదు. "బాగా పెట్టావు నాయనా," అంది కోబర్న్‌తో. "హస్టెడ్ మంచివాడే, పాపం."

"కోచ్ ప్రూట్ పెట్టమన్నారు," అన్నాడు కోబర్న్.

హస్టెడ్ అరిచాడు. పక్కనే నీళ్లు తాగుతున్న కుర్రాడికి కూడా వినిపించలేదు. తువ్వాలు లాగేద్దామని చెయ్యి చాచాడు. బట్ట అతని వేళ్లకు తగల్లేదు.

మొదటి కుర్చీ కిర్రుమంది. ఎవరో ముసలి గొంతుతో దగ్గారు. కుర్రాళ్లంతా దాని చుట్టూ మూగారు. పద్నాలుగు పాయింట్ల తేడాతో గెలిచారు.

జిమ్ ఖాళీ అయ్యాక కూడా హస్టెడ్ అక్కడే నిలబడి జేబు తడుముకున్నాడు. ఒప్పందం ఉంది, మూడేళ్లది.