రెండో ప్యాడ్

టీవీ వెనక మూత బిగిస్తూ చలమయ్య ఆఖరి మరను పెదవుల మధ్య పట్టుకున్నాడు. బల్ల మీద పెడితే దొర్లిపోతుంది, నోట్లో ఉంటే ఎక్కడికీ పోదు. గోపాలపట్నంలోని ఆ కొట్టు బోర్డు మీద పేరు గురునాథరావుది, బిల్లు మీద సంతకమూ ఆయనదే, రిపేరు మాత్రం చలమయ్యది. అందుకు అతనికేమీ బాధ లేదు. రెండోవాడిగా ఉండటం పాత చెప్పుల్లా అలవాటైపోయిన మనిషి.

కొట్టు ఫోను మోగింది. కంచరపాలెం నుంచి సూరన్న కూతురు ధనశ్రీ.

"మావయ్యా, ప్యాడ్ పన్సేయట్లేదు. నానే పాడు సేసీసినాను. నాన్నకి ఊపిరి అందట్లేదు, అయినా ఆటే అడగతన్నాడు. యేగిరం రా."

చలమయ్య మరను అరచేతిలోకి ఉమ్మి, సోల్డరింగ్ ఐరన్‌నూ తన సంచినీ పట్టుకుని సైకిలెక్కాడు. గురునాథరావు ఏదో అంటున్నాడు గాని వినబడలేదు.

సూరన్న పోర్టులో బొగ్గు దించిన మనిషి. ఆ బొగ్గే లోపల చేరింది. ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు ఆసుపత్రిలో, ఆ మాటకు అర్థం ఇంట్లో అందరికీ తెలుసు. వారం నుంచి అతనికి ఒకటే కోరిక. తొంభైల్లో తామిద్దరూ కలిసి పూర్ణా మార్కెట్లో కొన్న వీడియో గేమ్ మీద, బావ చలమయ్యతో ఒక్క ఆట. ఆ పెట్టె ఎప్పుడో మూలపడింది, చేత్తో పట్టుకుని ఆడే ప్యాడ్లు రెండూ మిగిలాయి. ఆట మాత్రం ఇప్పుడు కంప్యూటర్లో దొరుకుతోంది. ధనశ్రీ చదువుకని కొన్న పాత కంప్యూటర్లో అది ఎక్కించింది. కీబోర్డు మీద సూరన్న వేళ్లు సాగలేదు. అందుకని ప్యాడ్లను ప్రింటరు సాకెట్‌కి కలిపే వైరొకటి చలమయ్య అల్లుతున్నాడు. సాయంత్రం తెస్తానన్న ఆ వైరు పూర్తయి, తన ప్యాడ్‌తో పాటు సంచిలోనే ఉంది.

ఆత్రగాడికి బుద్ధి మట్టు. తండ్రి ఆయాసం చూడలేక ధనశ్రీ సూరన్న ప్యాడ్‌ని నేరుగా కంప్యూటరు వెనక ఇంకో సాకెట్‌కి గుచ్చింది.

"సరిగ్గా పట్టీసింది మావయ్యా. దానిదే అనుకున్నాను," అంది ఏడుస్తూ.

"పట్టుద్దమ్మా. పట్టినవన్నీ మనవి కావు. దాన్లో కరెంటెక్కువ."

ప్యాడ్ విప్పి చూస్తే చిప్పు కమిలిపోయి ఉంది. మంచం మీద సూరన్న గొంతులో ఈల వినబడుతోంది. ఆక్సిజన్ సిలిండర్ ముల్లు కిందికి దిగుతోంది. ఇంకో సిలిండరు కోసం ఎవరో వెళ్లారట, రావాలి.

"ఏటి బావా... అవుద్దా?"

"అవుద్ది. నువ్వు మాటాడకు."

అవుతుందో లేదో చలమయ్యకు తెలియదు. అలాంటి చిప్పు ఇప్పుడు బజార్లో లేదు. ఒక్క చోటే ఉంది, తన ప్యాడ్‌లో. పోనీ తన ప్యాడే ఇద్దామంటే, రెండో ప్యాడ్‌కి స్టార్ట్ బటన్ ఉండదు, పైగా దాని ఎడమ బాణం మొదట్నుంచీ మొండిది. చిప్పు మారిస్తే బావ ఒక్కడే ఆడాలి. మార్చకపోతే ఎవరూ ఆడరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అతను తన ప్యాడ్‌నే విప్పాడు. ఐరన్ ఒక్క క్షణం ఎక్కువ ఆగితే ఈ చిప్పూ పోతుంది. చిప్పు కాలు కాలుకీ ఐరన్ తీసి, చల్లారనిచ్చి, మళ్లీ ఆనించాడు. మధ్యలో సూరన్న దగ్గు తెర మొదలై ఎంతకీ ఆగలేదు. చలమయ్య తలెత్తలేదు. తలెత్తితే ఐరన్ జారుతుందని భయం. దగ్గు ఆగాక ఇంకా భయం వేసింది.

"ఉన్నాన్లే," అన్నాడు సూరన్న.

చిప్పు బయటికి వచ్చింది, సూరన్న ప్యాడ్‌లోకి ఎక్కింది. ప్రింటరు సాకెట్‌కి వైరు తగిలించి చలమయ్య కళ్లు మూసుకున్నాడు. తెర మీద బాణం కదిలింది. ధనశ్రీ ఒక్కసారి నోరు నొక్కుకుంది.

సూరన్న ప్యాడ్ అందుకున్నాడు. బొగ్గు మోసిన ఆ బొటనవేలు బాణాల మీద తన చోటు తానే వెతుక్కుంది. ఆడేది ఒకరా, ఇద్దరా అని తెర మీద ఆట అడిగింది.

"ఒకరని నొక్కు బావా," అన్నాడు చలమయ్య. "నా ప్యాడ్ ఖాళీ."

సూరన్న వినలేదు. ఇద్దరని నొక్కాడు. అది యుద్ధ ట్యాంకుల ఆట. ఇటుక గోడల మధ్య పసుపు ట్యాంకు అతనిది, ఆకుపచ్చది చలమయ్యది. ఆకుపచ్చది పుట్టిన చోటే నిలబడిపోయింది. శత్రువులు పైనుంచి దిగారు. సూరన్న వాళ్లను కొట్టడానికి ముందుకు పోనే లేదు, ఆ కదలని ట్యాంకు చుట్టూనే తిరిగాడు.

"నన్నొగ్గీసి ఆడు బావా, ఓడిపోతావు!" తన ట్యాంకును వదిలెయ్యమని చలమయ్య నిజంగానే అరిచాడు.

"ఎలాగొగ్గీను?" సూరన్న నవ్వబోయాడు, ఊపిరి చాలలేదు. స్టార్ట్ నొక్కి ఆట ఆపాడు. "కూసింత... ఆగి ఆడతాను."

వీధిలో సిలిండరు దింపుతున్న చప్పుడైంది. ధనశ్రీ బయటికి పరుగెత్తింది. చలమయ్య బావ చెయ్యి పట్టుకున్నాడు. కాసేపటికి ఆ చేతిలో పట్టు లేదని అతనికి తెలిసింది. ఎవరినీ పిలవలేదు. ఈ లోకంలో ఇక తానొక్కడే ఆడాల్సి ఉంటుందని మొదటిసారి తోచి, పళ్లు బిగబట్టి ఏడ్చాడు.

తెర మీద ఆగిపోయిన ఆటలో, పైనుంచి వస్తున్న గుండుకీ ఆకుపచ్చ ట్యాంకుకీ మధ్య పసుపు ట్యాంకు అడ్డంగా నిలబడి ఉంది.