శామ్యూల్ దాచిన సెట్టింగులు

ఎమ్మిగనూరులో దేవేంద్రప్ప మగ్గం ఆగిపోయి పదకొండు రోజులైంది. ఆగింది మగ్గమైతే తిట్లు మాత్రం కూతురు రూపకు! ఇంజనీరింగ్ చదివిన పిల్ల ఉందంటే చాలు, కంప్యూటర్‌కు వచ్చిన జబ్బులన్నీ ఆ పిల్ల నెత్తినే పడతాయి. కర్నూలు హాస్టల్లో ఉండి ఉద్యోగం వెతుక్కుంటున్న దాన్ని ఉన్నపళంగా పిలిపించారు.

ఏ దారం లేవాలో కంప్యూటర్ చెబితే, మగ్గం పైనున్న అయస్కాంతాలు ఆ దారాన్ని లేపుతాయి. అలా పడుతుంది చీర అంచు. ఆ ప్రోగ్రామ్ రాసిచ్చిన ఆదోని శామ్యూల్, పుణ్యాత్ముడు, పోయిన ఎండాకాలం గుండెపోటుతో పోయాడు. దసరా దాటాక చూస్తే ప్రోగ్రామ్ కనిపించలేదు. మగ్గం ఆడకపోతే దేవేంద్రప్ప ఆదోని జిన్నింగు మిల్లులో పత్తి బోరాలు మోయాలి. యాభై ఆరేళ్ల మనిషి, నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం.

"ఏమ్మా, నాలుగేండ్లు ఇదే కదా సదివినావు?" అన్నాడాయన, మూడోసారి.

"ఇదే నాయనా. సూస్తాండా గదా!"

శామ్యూల్ భార్య ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లో సోర్స్ కోడ్ ఉంది. దాన్ని ప్రోగ్రామ్‌గా మార్చాలంటే కంపైలర్ కావాలి. రూప కమాండ్లు ఇచ్చే నల్ల తెర తెరిచి, కంపైలర్ ఉందేమోనని which gcc అని కొట్టింది. జవాబు లేదు. ఫోన్ నెట్ పెట్టి కంపైలర్ ఎక్కించి మళ్లీ కొట్టింది. ఈసారి కంపైలర్ ఉన్న చోటు, /usr/bin/gcc అని వచ్చింది. అమ్మయ్య అనుకుంది.

ఆ సంతోషం ఎంతసేపు! అయస్కాంతాలు శామ్యూల్ తన చేత్తో చుట్టినవి. దేనికి ఎంతసేపు కరెంటు ఇవ్వాలో దానికో అంకె ఉంది. నూట తొంభై రెండు అయస్కాంతాలకు నూట తొంభై రెండు అంకెలు. మహానుభావుడు ఆ అంకెలు కోడ్‌లో రాయకుండా, కంపైల్ చేసేటప్పుడు సెట్టింగులుగా ఇచ్చేవాడు. రూప అన్నిటికీ ఒకే అంకె పెట్టి చూసింది. మగ్గం కిర్రుమంది, కాలిన వాసన గుప్పుమంది. దేవేంద్రప్ప పరుగున వచ్చి స్విచ్ ఆపేసరికి రెండు అయస్కాంతాలు మాడిపోయాయి.

"ఇంగ సాలు తల్లీ, ఉన్నవి గూడ కాల్చొద్దు!" అని తల్లి బసమ్మ గోడు గోడున ఏడ్చింది.

రూప కోడ్ మొత్తం వరుసగా చదివింది. అట్టడుగున శామ్యూల్ మాట దొరికింది: "సెట్టింగులు మరిచిపోతే భయపడొద్దు. తయారైన ప్రోగ్రామ్‌లోనే దాచినా. readelf కమాండ్‌తో సూస్తే అన్నీ కనపడతాయి."

ప్రాణం లేచొచ్చింది. పాత ప్రోగ్రామ్ ఏదో మూల ఉండకపోతుందా? find కమాండ్‌తో డిస్క్ అంతా గాలించింది. ఏమీ రాలేదు. ఇంకో పేరుతో గాలించింది. అప్పుడు తేదీల మీద కన్నుపడింది. కంప్యూటర్‌లో ఉన్న ప్రతి ఫైలూ మహర్నవమి ముందురోజుదో, ఆ తర్వాతిదో. అంతకు ముందుది ఒక్కటీ లేదు.

"నాయనా, పండక్కు ముందు దీన్ని ఎవురికన్నా ఇచ్చినావా?"

"బజార్లో షాపుకు ఇచ్చినా. ఆయుధ పూజకు మగ్గం తుడుస్తాం, కత్తెర తోముతాం, దీన్నొక్కదాన్నే మురికితో పెట్టి కుంకుమ పెడ్తామా? లోపలా బయటా క్లీన్ సెయ్యప్పా, పాతదేం ఉండగూడదు అన్నా. కొత్తదాని మాదిరి సేసిచ్చినాడు!" ఎంత మురిపెంగా చెప్పాడో!

రూప పెరట్లోకి పోయి షాపుకు ఫోన్ చేసింది. "మీ నాయనే అంతా తీసెయ్యమన్నాడు గదమ్మా, ఫార్మాట్ కొట్టినా. ఇంగ రాదు," అన్నాడతను. పాత ప్రోగ్రామ్‌తో పాటే శామ్యూల్ అంకెలూ పోయాయి.

లోపలికి వచ్చేసరికి దేవేంద్రప్ప మగ్గం పక్కనే నిలబడి ఉన్నాడు. "దొరికిందా పాపా?"

చెప్పడానికి నోరు తెరిచింది. చేతులారా తుడిచేశావని ఆ మనిషికి ఎట్లా చెప్పడం? భక్తిగా హారతి పట్టిన చేతులవి.

"లేదు నాయనా. నాకే సదువు సాల్లేదు."

దేవేంద్రప్ప మగ్గం మీద గుడ్డ కప్పాడు. ఆ మాట నమ్మాడు. "నీ మీదనే కదమ్మా ఆశ పెట్టుకున్నా," అన్నాడు.

తెల్లారి బసమ్మ రొట్టెలు మూటగట్టి ఇచ్చింది. ఆయన గడప దాటుతుంటే ఎదురింటి ఎల్లప్ప పలకరించాడు, "పొద్దున్నే యాడికి దేవేంద్రప్పా?"

"ఆదోని మిల్లుకు. మా పాపకు రాలేదంట," అన్నాడు దేవేంద్రప్ప.

తలుపు వెనక రూప ఆ మాట విని, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.