నాలుగు పొరలు

మైనపు బ్లాకులో పోతపోసిన మెదడు ముక్క కత్తి మీదికి దిగినప్పుడల్లా సన్నటి పొర ఒకటి బయటికి జారుతోంది. తడి కుంచెతో దాన్నెత్తి గోరువెచ్చని నీళ్ళ మీద పరచడం, స్లైడుతో కిందినుంచి పైకి తీసుకోవడం. ముప్పై రెండేళ్ళుగా ఆమెకిదే పని. అందుకే ల్యాబులో అందరికీ ఆమె పొరలక్క. ఈ రోజుతో ఉద్యోగం ఆఖరు. దిగులుపడదామనే చూసింది గానీ, పనిలో పడి దిగులుకి తీరిక దొరకలేదు.

రంగులద్దాక కనబడేవి మైక్రోగ్లియా కణాలు. ఆమె మాత్రం వాటిని కాపలావాళ్ళంటుంది. పడుచు మెదడులో అవి సన్నటి కొమ్మలు చాచి, చెత్తా చెదారం ఊడ్చుకుంటూ ఇల్లు కనిపెట్టుకుని ఉంటాయి. వయసు మళ్ళితే ఒళ్ళు చేసి, కొమ్మలు ముడుచుకుని, మంచి నరాల తీగెలను కూడా కొరికేస్తాయి. మతిమరుపు జబ్బుంటే మరీను. వాటి మీద ఆమెకు కోపం లేదు. మా అత్తగారూ అంతే, శుభ్రం పిచ్చితో ఆఖరికి పనికొచ్చేవీ పారేసేదని నవ్వేది.

పదకొండింటికి డాక్టరమ్మ ఏడుపు మొహంతో వచ్చింది. ఆమె రెండేళ్ళ పరిశోధన ఎనిమిది స్లైడుల మీద ఆగి ఉంది. తొందరలో వాటి మీద అంకెలు పెన్సిలుతో కాక పెన్నుతో వేసింది. రంగులద్దేటప్పుడు ఆల్కహాలులో సిరా కాస్తా కరిగిపోయింది. ఏ నాలుగు ప్రమాదంలో పోయిన యువకుడివో, ఏ నాలుగు మతిమరుపుతో పోయిన ముసలి టీచరమ్మవో తేలడం లేదు.

“మీరు చూసి చెప్పేయండక్కా. మీ కంటికి తెలిసిపోతుంది కదా.”

పొరలక్క మైక్రోస్కోపులో చూసింది. నిజంగానే ఇట్టే తెలిసిపోయింది.

“తెలుస్తుందమ్మా. కానీ నేను చెబితే అది నా మాటవుతుంది, కణాల మాట కాదు. రేపెవరైనా అడిగితే ఏం చెప్తావు?”

మళ్ళీ కోయాల్సిందే. యువకుడి బ్లాకులో కావలసినంత ఉంది, ఆ నాలుగూ తేలిగ్గానే వచ్చాయి. టీచరమ్మదే వెంట్రుకవాసి మిగిలింది. అందులోంచి నాలుగు పొరలు రావాలి, ఒక్కటి చిరిగినా రెండేళ్ళూ నీళ్ళపాలు. డాక్టరమ్మ గోడకి ఆనుకుని చూస్తోంది. పొరలక్క బ్లాకును మంచు ముక్క మీద పెట్టి చల్లబరిచి, కోత యంత్రానికి బిగించి, చక్రం తిప్పింది. ఒకటి. రెండు. మూడోది ముడుచుకోబోతే కుంచెతో బుజ్జగించింది. నాలుగోది అంచుల్లో అరిగింది గానీ, వచ్చింది. ఆమెకు భలే సంతోషం వేసింది. ఇన్నేళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ కోయలేదనిపించింది.

డాక్టరమ్మ ఆమె చేతులు రెండూ పట్టుకుంది. వీడ్కోలు సభ వద్దని పొరలక్క ముందే చెప్పేసింది కాబట్టి, అంకెలు తనే పెన్సిలుతో వేసి, చేతులు కడుక్కుని, పొద్దుండగానే ఇంటికి వెళ్ళిపోయింది.

యంత్రానికి బ్లాకు ఇంకా బిగించే ఉంది. అందులో టీచరమ్మ లేదు, తెల్లటి మైనం ఒక్కటే ఉంది.