మడి బిందెలో నల్లా నీళ్లు

“చేద బాయిల పడ్డ చప్పుడు ఇనరాలేదు, అహల్యా” అన్నారు మా అత్తగారు, లోపలి అర్రలో మంచం మీది నుంచి.

పడింది. మెల్లగా వదిలాను, అంతే. తడిచీర కాళ్లకు చుట్టుకుంటుంటే, వానకు నున్నబడిన గచ్చు మీద జారకుండా నిలబడటమే పెద్ద పని అయింది నాకు. “పడ్డది అత్తమ్మా” అని, తాడు పైకి లాగి మళ్లీ వదిలాను, ఈసారి గట్టిగా. గిలక కిర్రుమంది. అడుగున నీళ్లు ధబ్బుమన్నాయి. లోపల మంచం కూడా కిర్రుమంది. అంటే ఆమె నిమ్మళపడి అటు తిరిగారన్న మాట. చేదిన ఆ నీళ్లను చప్పుడు కాకుండా జామచెట్టు మొదట్లో పోశాను. తరువాత, తెల్లవారకముందే నల్లా కింద పట్టి తడిగుడ్డ కప్పి ఉంచిన బిందెలోంచి ఆమె తాగే రాగిచెంబు నింపాను.

ఆమె జబ్బు పడ్డప్పటి నుంచి నా పొద్దు ఇట్లాగే మొదలవుతున్నది. గిలక చప్పుడు ఆమె చెవికి, నల్లా నీళ్లు ఆమె కడుపుకు. రెండు రకాల నీళ్లూ మోసేది నేనే.

మా ఇల్లు షాలిబండలో, గుడి వెనక సందులో. మా మామగారు ఉన్నన్నాళ్లూ ఆ గుడిసేవ మాదే. ఇంటి నడిమి వాకిట్లో బావి. పోలీసు యాక్షన్ అయినంక మా సందుకు నల్లా వచ్చింది. తెచ్చింది మా ఆయనే. ఆయన నల్లాల దఫ్తరులో గుమాస్తా. ఏ సందుకు గొట్టం వేయాలి, ఎవరి ఇంటికి నల్లా మంజూరు చేయాలి అన్నవన్నీ ఆయన రాసే కాగితాల మీద నడుస్తాయి. చుట్టాలొస్తే నల్లా తిప్పి చూపించి “గండిపేట నీళ్ల రుచి ఇంకెక్కడ దొరుకుతది?” అని, ఆ చెరువు తానే తవ్వించినట్టు చెప్తారు. అయితే ఆ నీళ్లు మా ఇంట్లో గిన్నెలకు, బట్టలకు, కాళ్లు కడుక్కోవడానికి. తాగడానికి, వంటకు, దేవుడికి మాత్రం బావి నీళ్లే, అదీ తానం చేసి తడిచీరతో మడిగా చేదినవి. నల్లా తిప్పే చోట లోపల తోలుబిళ్ల ఉంటుందని మా అత్తగారికి ఎవరో చెప్పారు. “తోలు నాకిన నీళ్లు నా గొంతుల దిగయి” అన్నారామె. తోలుబిళ్ల నిజంగానే ఉంటుంది కాబట్టి మా ఆయన కాదనలేదు. “అమ్మ పట్టింపు అమ్మది. చేదనీకి నువ్వున్నవు గద” అన్నారు. ఊరందరికీ నల్లాలు ఇప్పించే ఆయన ఇంట్లో బావి చేదేది నేనని ఒకసారి నవ్వుతూ అన్నాను. “దఫ్తరు ముచ్చట ఇంట్ల ఎందుకు?” అన్నారు నవ్వకుండా.

ఈసారి వానలు ముందే దిగాయి. పక్కింటి పాయిఖానా గోడ మా బావికి ఆనుకున్నట్టే ఉంటుంది. నీళ్లకు ఒక వాసన పట్టింది. అది కొత్తవాన వాసన అన్నారు మా అత్తగారు. వారం తిరగకముందే మంచాన పడ్డారు. వాంతులు, బేదులు, కళ్లు లోపలికి పోయాయి. నాకూ కడుపు మెలిపెట్టింది గానీ, కడుపు పట్టుకొని పనిచేయడం ఆడవాళ్లకు అలవాటే కనుక ఎవరూ గమనించలేదు. మా ఆయన నీళ్లు దఫ్తరులో తాగి వస్తారు, ఆయనకేం కాలేదు. డాక్టరు సాబు వచ్చి నాడి చూశాడు. బావి దగ్గరికి పోయి వంగి, రూమాలు ముక్కుకు పెట్టుకున్నాడు. “ఈ బాయి బంద్ చెయ్యండి. కాచినా సరే, వద్దు. ఇంట్లనే నల్లా ఉండంగ ఈ నీళ్లెందుకు? ఇట్లనే తాపితే ముసలమ్మ దక్కది.”

నల్లా నీళ్లు చెంచాతో పెదవుల దగ్గర పెడితే ఆమె పళ్లు బిగబట్టారు. “ఇన్నేండ్లు మడి తప్పలే. పొయ్యేటప్పుడు తప్పాల్నా?” ఆ మాటకు నేను కోపం తెచ్చుకోలేకపోయాను. మా మామగారు పోయినంక తల తీయించుకున్న మనిషి. గుళ్లోకి పోతే ఎదురొచ్చిందని మొగం తిప్పుకునేవాళ్లే అందరూ. మడి కట్టుకున్నప్పుడు మాత్రం కొడుకు కూడా నాలుగడుగుల దూరంలో నిలబడి మాట్లాడాలి. ఈ లోకం ఆమె దగ్గర అన్నీ తీసుకొని అదొక్కటి మిగిల్చింది. అదీ తీసుకొమ్మని నా చేతికి చెంచా ఇచ్చారు.

మా ఆయన నన్ను వసారాలోకి పిలిచారు. “చెప్పకుండ నల్లా నీళ్లే పొయ్యి. బాయి నీళ్లే అనుకొని తాగుతది.”

“పాపం గాదా?”

“బతికించుడు పాపమా?” అని చెప్పులు తొడుక్కొని బయటికి నడిచారు. ఆయనకు ఆ సంగతి అక్కడితో అయిపోయింది. నాకు అక్కడే మొదలైంది.

తాగే నీళ్లతో ఆగితే బాగుండేది. దేవుడికి అభిషేకం చేసిన తీర్థం ఆమె పొద్దున్నే పుచ్చుకుంటారు. బావి నీళ్లతో అభిషేకం చేస్తే ఆ తీర్థమే ఆమెను చంపుతుంది. ఆమె మంచాన పడ్డాక పూజ నాకే వచ్చింది కనుక దేవుడి విగ్రహం మీద కూడా నల్లా నీళ్లే పోశాను. మొదటి రోజు మంత్రం మధ్యలో మరిచిపోయాను. గండిపేటలో ఆగింది మూసీ నీళ్లే కదా, నది నీళ్లే కదా స్వామీ అని నచ్చచెప్పుకున్నాను. దేవుడు ఏమీ అనకపోవడం ఒప్పుకున్నట్టా, మొగం తిప్పుకున్నట్టా? ఇట్లాంటివి ఎవరిని అడగాలో నాకు తెలియదు. తెలుగు వాచకం దాకానే చదివినదాన్ని. గుంజీళ్లు తీసి, లెంపలేసుకొని, మర్నాడు మళ్లీ అదే నీళ్లు పోశాను.

ఆమె బతికారు. మొదట కళ్లు తేటపడ్డాయి, తరువాత గొంతు, ఆ వెనకే పెత్తనం. చూడవచ్చిన వాళ్లందరికీ నన్ను చూపించి చెప్పడం మొదలుపెట్టారు. “నల్లా నీళ్లు తాపుమని డాక్టరు చెప్పిండు. నా కోడలు ఇన్నదా? వానల తడిచీరతోని నిలవడి చేది తాపింది. మా బాయి నన్ను యముని దగ్గర్నుంచి గుంజుకొచ్చింది.” కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమె నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. పక్కబట్టలు ఉతికాను, వాంతి పళ్లేలు ఎత్తాను, ఒళ్లు తుడిచాను. ఆ పనులు ఎవరికీ కనబడలేదు. చేయని పనికి మాత్రం సందంతా పేరొచ్చింది. చూడవచ్చిన వాళ్లు మా అత్తగారితో “అదృష్టవంతురాలివి రమాబాయమ్మా” అంటుంటే నేను మజ్జిగ తెచ్చే నెపంతో లోపలికి పోయేదాన్ని.

రాజమణి మా ఇంట్లో గిన్నెలు తోముతుంది. పెరటి తలుపున వచ్చి జామచెట్టు దగ్గరే కూర్చుంటుంది, చెట్టు దాటి ఇవతలికి రాదు. ఒకరోజు చంటిపిల్లను భుజాన వేసుకొని వచ్చింది. పిల్ల ఏడుపు పిల్లి కూతలా సన్నగా వినబడింది.

“ఏమైందే పిల్లకు?” అన్నారు మా అత్తగారు, అర్ర గడపలో కూర్చొని.

“కడుపు కడుక్కపోతున్నది పెద్దమ్మా. మందు పోసిన. నిలుస్తలేదు.”

ఆమె కొంచెంసేపు పిల్లనే చూశారు. “నల్లా నీళ్లు బంద్ చెయ్యి. కుండ తెచ్చుకో. మా అహల్య పైనుంచి పోస్తది. నన్ను బతికించిన నీళ్లు నీ పిల్లను బతికియ్యవా?”

ఆ బావి నీళ్లు మా గడప దాటి ఇంకొకరి కుండలోకి పోవడం అంతవరకు నేను చూడలేదు. రాజమణి కొంగు కళ్లకు ఒత్తుకుంది. “నీ నోట గీ మాట ఇంటననుకోలే పెద్దమ్మా.”

మా అత్తగారు జన్మలో మొదటిసారి ఒక తలుపు తెరిచారు. అది తెరుచుకున్నది నా అబద్ధం మీద.

ఆ రోజు అలవాటైన పనే చేశాను. గిలక చప్పుడు చేసి, రాజమణి కుండలోకి నల్లా బిందె వొంపాను. సందు చివర తాను పట్టుకునే నీళ్లే మా ఇంట్లోంచి దండం పెట్టి తీసుకపోయింది. మర్నాడు పిల్లకు కొంచెం నిమ్మళమని చెప్తూ, వెంట తన వాడకట్టు కళావతిని, ఇంకో ఇద్దరిని తీసుకొచ్చింది. అందరి చంకల్లో కుండలు. దాచిన బిందె ఒక కుండకే సరిపోయింది. మిగతావాళ్లను నడుం నొస్తుందని, రేపు రమ్మని పంపాను. మా అత్తగారికి నా మీద జాలి వచ్చింది. “పాపం, నువ్వు అలిసిపోయినవు. రేపటి నుంచి నేనే చేదుత. నాకు బలమొచ్చింది. తాగనీకి, దేవునికి, ఈళ్లకు, అన్ని నేనే.”

ఆ సాయంత్రం మా ఆయన దఫ్తరు నుంచి రాగానే చెప్పాను. “ఇగ అమ్మకు చెప్పాలె. మీరు చెప్పండి.”

“నేనా? ఇప్పుడిప్పుడే లేచింది. మడి తప్పిందంటే గుండె ఆగుతది. నువ్వే ఏదన్న చెప్పి సర్దు. నీకు మాటలు చాతనైతయి గద.”

“రేపు ఆమె చేది ఆ పిల్లకు పోస్తే?”

ఆయన ఆలోచించారు. “బాయిల పిల్లి పడ్డదను.”

నాకు నవ్వొచ్చింది. పిల్లి పడిందంటే బావి తోడించి, శుద్ధి చేయించి, ఊట రాగానే మళ్లీ నాతోనే చేదిస్తారు. పాయిఖానా గోడ ఎక్కడికీ పోదు. అయినా ఒక్క నిమిషం ఆ పిల్లి నా కళ్లకు కట్టింది. ఏ రంగుదని చెప్పాలో కూడా అనుకున్నాను. అప్పుడు భయం వేసింది. అబద్ధం చెప్పడం చీపురు పట్టినంత సులువుగా వచ్చేసింది నాకు. ఆయన కాళ్లు కడుక్కొని పీట మీద కూర్చున్నారు. నేను వడ్డించాను.

మర్నాడు నేను లేచేసరికే గిలక మోగుతున్నది. తానం కూడా చేయకుండా వాకిట్లోకి పరిగెత్తాను. మా అత్తగారు తడిచీరలో, పుల్లల్లాంటి చేతులతో తాడు గుంజుతున్నారు. అప్పటికే రాజమణి కుండలో నీళ్లు పోసి ఉన్నారు. కళావతి వాళ్లు వరుసలో నిలబడ్డారు. రాజమణి దోసిట్లో నీళ్లు తీసి పిల్ల నోటి దగ్గరికి తెస్తున్నది. మా అత్తగారు తాగడానికి తన చెంబు ఎత్తారు.

“తాపకు రాజమణీ” అని, మా అత్తగారి చెయ్యి పట్టుకున్నాను.

చెంబు గచ్చు మీద పడింది. మైలబట్టతో ఆమెను ముట్టుకున్నాను. ఆమె నా చేతిని చూశారు, నా మొగం చూశారు. “ముట్టుకున్నవా?”

“ముట్టుకున్న అత్తమ్మా. మీ మడి నేను ముందే తప్పించిన. మీరు బతికింది ఈ నీళ్లతోని గాదు. పడ్డ నాటి నుంచి మీకు నల్లా నీళ్లు పోసిన. తీర్థం గూడ అదే. ఈ బాయి నీళ్లే మిమ్మల్ని పండవెట్టినయి.”

మా ఆయన వసారాలో గుండీలు పెట్టుకుంటూ ఆగిపోయారు.

“ఎవరి బుద్ధి ఇది?” అన్నారామె. గొంతు పైకి లేవలేదు.

నాదే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఈ ఇంట్లో కూర మాడినా, పాలు విరిగినా, వాన లోపలికి కొట్టినా నాదే అని చెప్పడం నాకు శ్వాసలాంటిది. “మీ కొడుకు చెప్పిండు. నేను చేసిన” అన్నాను.

ఆమె బావి గట్టు మీద కూర్చున్నారు. తడిచీర చెంగు గట్టిగా పిండారు. తలెత్తి నన్ను కాదు, రాజమణిని చూశారు. “కుండ వొంపెయ్యి బిడ్డా. అవి పిల్లకు పట్టకు. చెయ్యి గూడ కడుక్కో.” తరువాత లేచి లోపలికి పోయి, గోడ వైపు తిరిగి పడుకున్నారు.

ఆమె నన్ను తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. అంత పోగొట్టుకొని, ముందు ఆ పిల్ల సంగతి చూశారు. నేను మంచం పక్కన నేల మీద కూర్చొని ఏడ్చాను. క్షమించమని అడగలేదు, అడిగితే అది కూడా ఆమె మీద వేసే బరువే అవుతుందనిపించింది. పొద్దెక్కింది. ఆమె చుక్క నీళ్లు ముట్టలేదు. పెదవులు ఎండి తెల్లబడ్డాయి.

మా ఆయన దఫ్తరుకు పోలేక, ఉండలేక గడపలో తచ్చాడారు. “సూసినవా ఏం జేసినవో. ఇప్పుడు నీళ్లు గూడ ముడతలేదు. బాయి నీళ్లు కాచి సల్లార్చిన అనో, గంగ నీళ్లనో ఏదో ఒకటి చెప్పి తాపు.”

నేను లేచాను. చెంబు చింతపండుతో తోమాను. నల్లా తిప్పి, చప్పుడు ఇల్లంతా వినబడేట్టు నింపాను. తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. తల్లికి ఎప్పుడూ మంచినీళ్లు అందించి ఎరగని చెయ్యి, చెంబు వొంగి ఆయన చొక్కా తడిసింది.

“మీ అమ్మకు మీరే ఇయ్యండి” అన్నాను. “ఏ నీళ్లో చెప్పి ఇయ్యండి.”