అమావాస్య నాడు వేసిన డ్రైవర్

"సంపత్ భాయ్, ఆర్డర్ మిల్ గయా."

ఆర్డర్ దొరికిందని ఫోన్‌లో యజమాని సేఠ్ అనగానే సంపత్ చాయ్ గ్లాసు కింద పెట్టి, గడపలో నిలబడ్డ భార్య వైపు తిరిగి బొటనవేలు పైకెత్తాడు. సంగతేమిటో తెలియకముందే నీరజకు నవ్వొచ్చింది. పెళ్లయి మూడు నెలలు. అతని మొహం వెలిగితే చాలు, కారణం తర్వాత అడుగుతుంది.

కారణం పెద్దదే. కరోనా రెండోసారి విరుచుకుపడ్డాక సేఠ్ చీరల డిజైన్ ఆఫీసుకు వచ్చిన మొదటి ఆర్డర్ అది. సాయంత్రం ఆరింటికల్లా పన్నెండు డిజైన్లు రంగులతో సహా మిల్లుకు చేరాలి. చేరకపోతే ఆర్డర్ ఇంకొకరికి పోతుంది, ఆఫీసు శాశ్వతంగా మూతపడుతుంది, ఆరేళ్లు నేర్చిన పని వదిలి సంపత్ మళ్లీ మగ్గాల కార్ఖానాకు పోవాలి.

చిక్కంతా మంచం పక్కనే ఉంది. లాక్‌డౌన్‌లో ఆఫీసుకు తాళం పడ్డాక, డిజైన్లన్నీ ఉండే సర్వర్ పెట్టెను సేఠ్ గోడాదరా పేటలోని సంపత్ గదికి పంపించాడు. అదే ఊళ్లో ఇంకో పేట వరాఛాలోని ఇద్దరు డిజైనర్లు తమ ఇళ్ల నుంచే దాని మీద పని చేస్తారు. కొత్త జంట గదిలో గుర్రుపెట్టే చుట్టంలా తిష్ట వేసిన ఆ పెట్టె మూడు రోజులుగా ఉన్నట్టుండి చచ్చిపోతోంది. తెర నల్లబడుతుంది, అంతే. సంపత్ ఫ్యాన్ దాని వైపు తిప్పాడు. స్టెబిలైజర్ మార్చాడు. అతని తల్లి భాగ్యలక్ష్మి దిష్టి కూడా తీసింది.

"మిరపకాయలు కాలినా ఘాటు రాలే. గట్టి దిష్టే తాకింది," అందామె.

పదింటికి మళ్లీ ఆగింది. సంపత్ తల పట్టుకున్నాడు.

"జర జరుగు బావా, నన్ను చూడనియ్యి," అంది నీరజ.

"నీకెందుకే ఈ తిప్పలు?"

"బీఎస్సీ కంప్యూటర్స్ చదివింది పప్పు ఉడికించనీకేనా?"

"చదివినా ఉడుకుతలేదు గద," అని లోపలి నుంచి అత్త అందుకుంది. ముగ్గురూ నవ్వారు.

పెట్టె ఎప్పుడెప్పుడు ఆగిందో అదే రాసిపెట్టుకుంటుంది. నీరజ ఆ జాబితా తెరిచి ఒక్కో వరుసా చదివింది. ఎవరైనా డిజైన్‌ను నిండు రంగుల్లో తెరిచినప్పుడే ఆగుతోంది. ప్రతిసారీ ఒకే పేరు: గ్రాఫిక్స్ డ్రైవర్. కంప్యూటరుకూ రంగులు చూపే కార్డుకూ మధ్య మాటలు మోసే ప్రోగ్రాం అది. మొదటిసారి ఆగింది గురువారం సాయంత్రం. అంతకుముందు ఒక్కసారీ లేదు.

"గురువారం అమావాస్య గద బావా. ఆ రోజు దీనికేం చేసినవ్?"

"ఏం చేస్త? బాపు మగ్గానికి చేసినట్టే చేసిన. ఆపిన, దుమ్ము దులిపిన, కొత్త ప్రోగ్రాంలు ఏమేం వచ్చినయో అన్ని ఏసిన."

అమావాస్య నాడు మగ్గం ఆపి, తుడిచి, అరిగినవి మార్చడం వాళ్లింట్లో తాత, తండ్రుల నాటి పద్ధతి. ఆ కొత్తవాటిలో డ్రైవర్ కూడా ఉందని, తన మాట పూర్తి కాకముందే సంపత్‌కు అర్థమైంది. మొహం వాడిపోయింది.

"అంటే నేనే ఖరాబు చేసిననా?"

అంత శ్రద్ధగా, పండగలా చేసిన పని మరి. నీరజ అతని చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది.

"మామయ్య మగ్గంల పోగులు పట్టే పన్నె కొత్తది ఏసిననాడు అవి తెగలేదా? పాతదే మళ్ల పెట్టుకున్నడు. తప్పు ఆయనదా, పన్నెదా?"

"పన్నెదే."

"ఇది గూడ గంతే. పాత డ్రైవర్ ఇందులనే ఉన్నది. వెనక్కి పోదాం."

రెండు చోట్ల నొక్కింది. పెట్టె ఆగి, మళ్లీ లేచింది. వరాఛా వాళ్లిద్దరికీ సంపత్ ఫోన్ చేశాడు. ముగ్గురు డిజైనర్లూ ఒకేసారి నిండు రంగుల్లో డిజైన్లు తెరిచారు. నెమలికంఠం రంగు అంచు తెర నిండా పరుచుకుంది. ఒక నిమిషం. అయిదు. పది. సంపత్ ఊపిరి వదలడం ఆమెకు చెవి పక్కనే వినబడింది.

పన్నెండో డిజైన్ అయిదూ నలభైకి వెళ్లింది. ఆరు దాటాక సేఠ్ ఫోన్ చేశాడు. మిల్లు వాళ్లకు నచ్చాయట. ఇంతకీ సర్వర్ ఎవరు బాగుచేశారని అడిగాడు.

"మేరీ ఘర్‌వాలీ నే," అన్నాడు సంపత్. నా ఇల్లాలే అని చెప్పడానికే పుట్టినట్టు చెప్పాడు. తర్వాత చాలాసేపు "అచ్ఛా, అచ్ఛా" అంటూ విన్నాడు.

ఫోన్ పెట్టేసి నీరజ వైపు తిరిగాడు.

"వరాఛాల రెండు కంప్యూటర్లకు గూడ అమావాస్య నాడు ఫోన్ల చెప్పి నేనే కొత్తవి ఏయించిన. అవి ఆగకముందే చూసి రమ్మన్నడు, నిన్ను. రేపు పొద్దుగాల తొమ్మిదింటికి బయలెల్దాం. నువ్వు బండి మీద నా ఎనుక కూసోవాలె. ఇయ్యాల్టిదాంక యాడికి తీస్కపోలే గద, చుట్టు తిరిగి పోదాం."